ఆకాశ దిక్సూచికి పాలమూరు ఎండలో పరీక్ష పెట్టాలి

కిందటి వానకాలం నల్లగొండ దగ్గర ఒక పత్తి చేను గట్టున, మందు కొట్టే డ్రోన్‌ను ఇనుప ట్రాలీ మీద నుంచి లేపబోతే తెర మీద కంపాస్ ఎర్రర్ వచ్చింది. "ఇనుము పక్కన దానికి దిక్కు తెల్వదన్నా, నేల మీద పెట్టాలె" అన్నాడు నడిపే పిల్లగాడు. పది అడుగులు పక్కకు జరిపి పెడితే లేచింది. జీపీఎస్ మనం ఉన్న చోటు చెబుతుంది. నిలబడి ఉన్న యంత్రం ముఖం ఎటుందో ఒక్క యాంటెన్నాతో చెప్పలేదు. అందుకే అయస్కాంత దిక్సూచి కావాలి, అది ఇనుము పక్కన తప్పుతుంది.

తలెత్తి చూస్తే ఇనుముతో పని లేని దిక్సూచి ఇంకొకటి ఉంది. సూర్యకాంతి గాలి అణువులకు తగిలి చెదిరినప్పుడు దాని కంపనాలు ఒక దిశకు ఒరుగుతాయి. సూర్యుడికి 90 డిగ్రీల దూరంలోని ఆకాశపు పట్టీలో ఈ ధ్రువణం అన్నిటికన్నా గట్టిగా ఉంటుంది. కంపనాల దిశను బట్టి సూర్యుడు ఏ వరుసలో ఉన్నాడో తెలుస్తుంది, దానికి గడియారం కలిపితే దిక్కు తేలుతుంది. పొద్దు పొడిచే వేళ పోలరైజ్డ్ కళ్లద్దాలను నడినెత్తి నీలానికి ఎదురుగా పట్టి మెల్లగా తిప్పండి. నీలం ఒకసారి ముదురుతుంది, ఒకసారి తేలిపోతుంది. మనకు అద్దం కావాలి, తేనెటీగకు అక్కర్లేదు. దాని కంటి పై అంచు ఈ పనికే ఉంది. తేనెటీగలు ఈ కాంతితో దారి పడతాయని ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1949లో చూపించారు.

2019లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ పరిశోధకులు ఎడారి చీమను చూసి యాంట్‌బాట్ అనే ఆరు కాళ్ల రోబోను చేశారు. రెండు అతినీలలోహిత గ్రాహకాలు, వాటిపై తిరిగే ఫిల్టర్లు, దిక్కు కోసం అంతే. జీపీఎస్ లేకుండా 14 మీటర్ల దాకా తిరిగి మొదలైన చోటికే చేరింది.

అయితే మార్సెయ్‌లో సూర్యుడు ఎన్నడూ నడినెత్తికి రాడు. మనకు మే మొదటి పక్షంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో మధ్యాహ్నం నీడే మాయమవుతుంది. అప్పుడు గట్టి ధ్రువణం దిగంతం చుట్టూ వలయంగా జారిపోతుంది, నడినెత్తిన దాదాపు ఏమీ మిగలదు. నిట్టనిలువుగా పైకి చూసే సెన్సర్‌కు దొరికేది శూన్యమే. అదీగాక ఆ వేళ సూర్యుడి దిశ నిమిషాల్లో మారిపోతుంది. గడియారంలో చిన్న తేడా దిక్కులో పెద్ద తప్పవుతుంది. శ్రీలంకలో సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు మేత ఎటుందో తోటివాటికి చెప్పే తేనెటీగల నృత్యమే తడబడుతుందని ఫ్రిష్ శిష్యుడు మార్టిన్ లిండావర్ 1950లలో గమనించారు. కోట్ల ఏళ్లుగా ఈ విద్యలో ఆరితేరిన జీవికే ఆ గండం ఉంది.

మందు కొట్టే రైతుకు ఇది పెద్ద అడ్డు కాదు, ఎండ ముదరకముందో పొద్దు వాలాకో కొడతాడు. నీడ తక్కువని మధ్యాహ్నం ఎగరేసే భూ సర్వే డ్రోన్లకే ముప్పు. రైతుకు ఇబ్బంది వానకాలపు దట్టమైన మబ్బు. పలచని మబ్బులో అతినీలలోహిత కాంతి కొంత నిలుస్తుంది, నల్లమబ్బులో ఆ ఆశా లేదు. కాబట్టి ఈ సెన్సర్ అయస్కాంతాన్ని తీసేసి పెట్టుకునేది కాదు, దాని పక్కన సాక్షిగా ఉండాల్సింది. రెండూ ఒకే మాట చెప్పనప్పుడు యంత్రం నేల విడవకూడదు.

విదేశంలో తేల్చిన లెక్కను నమ్మి మన చేల మీద ఎగరేస్తామంటే నేను ఒప్పుకోను. మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల ఫిజిక్స్ విద్యార్థులకు ఇది అందని పని కాదు. కాంతిని కొలిచే నాలుగు ఫోటోడయోడ్లు, పోలరాయిడ్ ముక్కలు, ఒక మైక్రోకంట్రోలర్ మేడ మీద పెడితే చాలు. జనవరి పొద్దులో, మే నడిమధ్యాహ్నంలో, ఆగస్టు ముసురులో గంటగంటకూ కొలిచి, ఎప్పుడు ఎన్ని డిగ్రీలు తప్పుతుందో రాసి పెట్టాలి. డ్రోన్ కొనే రైతు ముందుగా అడగాల్సింది ఆ పట్టికనే.