సాఫ్ట్‌వేర్ కొన్నం గదా, మళ్ల పైసలెందుకు?

ఈ మాట విని విని, ఇక ఊరుకోలేక రాస్తున్నాను. వరంగల్, పరకాల, నర్సంపేట, జమ్మికుంట వైపు మిల్లులకు, అడ్తి (కమీషన్ వ్యాపారం) దుకాణాలకు లెక్కలు చూసేవాళ్లలో నేనూ ఒకడిని. లారీ కొనేటప్పుడు మన ఓనర్లు ఎంత లెక్క వేస్తారో దగ్గరుండి చూశాను. డీజిల్, టైర్లు, డ్రైవర్ జీతం, ఇన్సూరెన్స్, ఎన్నేళ్లు నడుస్తుంది, అమ్మితే ఎంతొస్తుంది, అన్నీ నోటి మీదే తేలుస్తారు. అదే మనిషి లక్షలు పెట్టి సాఫ్ట్‌వేర్ తీసుకునేటప్పుడు అడిగేది ఒక్కటే: "ఎంతకిస్తవ్?" పక్క మిల్లువాళ్లు కూడా తీసుకున్నారని అమ్మేవాడు అంటే చాలు, సంతకం అయిపోతుంది.

అసలు జబ్బు ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం. కంప్యూటర్ మీద పెట్టే డబ్బును మనం ఒక రోజు కొనుగోలుగా చూస్తున్నాం. అది ఏటా చేయాల్సిన ఖర్చు. ఏటా ఓనరే కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. ఆదాయపు పన్ను లెక్కల్లోనే కంప్యూటర్లకు, సాఫ్ట్‌వేర్‌కు ఏటా 40 శాతం తరుగుదల ఇస్తారు. ఇవి ఎంత తొందరగా పాతబడతాయో ప్రభుత్వమే ఒప్పుకుంటోంది. మనం మాత్రం కొన్న రోజు ధరనే గుర్తుపెట్టుకుని, ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్) బిల్లు వచ్చినప్పుడు అకౌంటెంట్ మీద అరుస్తాం.

"మాది చిన్న యాపారం, మాకు స్ట్రాటజీ ఏంది?" అంటారు. ముందు తేదీలు చూడండి. జీఎస్టీ 2017 జూలై 1న వచ్చింది. వ్యాపారికి వ్యాపారి ఇచ్చే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించే ఈ-ఇన్‌వాయిస్ 2020 అక్టోబర్‌లో 500 కోట్ల టర్నోవర్ దాటిన వాళ్లతో మొదలైంది. తర్వాత 100 కోట్లు, 50, 20, 10 అంటూ దిగి, 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లకు చేరింది. మెట్టు మెట్టుగా అది మన గడప వైపు వస్తోందని దాదాపు మూడేళ్లు కనిపిస్తూనే ఉంది. అయినా చివరి వారంలో పరుగులు పెట్టి, దొరికిన ప్యాకేజీ దొరికిన ధరకు కొన్న మిల్లులు నాకు తెలుసు. మన కంప్యూటర్లను నడిపే విండోస్ 10కి కంపెనీ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోతుందని కూడా ముందే చెప్పారు. ఆ తేదీ పట్టుకుని ఏడాదికి రెండు మూడు కంప్యూటర్ల చొప్పున మార్చుకుంటే ఒకేసారి భారం పడేది కాదు. స్ట్రాటజీ అంటే నా దృష్టిలో ఇదే. వచ్చే మూడేళ్లలో ఏం మార్చక తప్పదో, దానికి ఏటా ఎంత పక్కన పెట్టాలో ఒక కాగితం మీద రాసుకోవడం.

ఇక సీజన్ సంగతి. దసరా చుట్టూ పత్తి రావడం మొదలవుతుంది. ఒక జిన్నింగ్ మిల్లులో సరిగ్గా అప్పుడే పాత ప్రోగ్రాం తీసేసి కొత్తది పెట్టారు. కాంటా మీద పడిన తూకం కొత్త ప్రోగ్రాంలోకి రావడం లేదు. గుమాస్తా చీటీ మీద రాసుకుని మళ్లీ టైప్ చేస్తున్నాడు. గేటు బయట బండ్లు బారులు తీరాయి. రైతులు రాత్రంతా అక్కడే ఉన్నారు. తిట్లన్నీ ఎవరికి? ఆ గుమాస్తాకే. కొనే ముందు అతణ్ని ఒక్క మాట కూడా అడగలేదు. పెద్ద కంపెనీలూ ఈ తప్పు చేశాయి. అమెరికాలో హర్షీ అనే చాక్లెట్ కంపెనీ నాలుగేళ్ల పనిని రెండున్నరేళ్లకు కుదించి, 1999లో పండగ ఆర్డర్ల ముందు కొత్త వ్యవస్థకు మారింది. గోడౌన్లలో సరుకు ఉండి కూడా దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయింది. అంత డబ్బున్న వాళ్లకే సీజన్ ముందు మార్చడం అచ్చిరాలేదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి ముమ్మరంగా వచ్చే ఫిబ్రవరి, మార్చిలో ఏ అడ్తి దుకాణమైనా సాఫ్ట్‌వేర్ మారుస్తానంటే నేను చేతులు అడ్డం పెడతాను.

బ్యాకప్ గురించి మాట్లాడితే నాకు కోపం ఆగదు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్, హన్మకొండ కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో మనందరం చూశాం. అయినా గ్రౌండ్ ఫ్లోర్ గదిలో సర్వర్, దాని పక్కనే టేబుల్ సొరుగులో బ్యాకప్ హార్డ్ డిస్క్! నీళ్లొస్తే రెండూ ఒకేసారి పోతాయి. ఒక కాపీ వేరే చోట ఉండాలి. ఇంట్లోనో, క్లౌడ్‌లోనో, ఎక్కడైనా సరే. దాన్ని అప్పుడప్పుడు తెరిచి చూడాలి కూడా. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే. దీనికయ్యే ఖర్చు షాపు ముందు ఫ్లెక్సీల ఖర్చంత కూడా ఉండదు.

సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్ అమ్మినవాడి దగ్గరే ఉండటం ఇంకో ఘోరం. వాడు ఫోన్ ఎత్తకపోతే ఏళ్ల తరబడి ఖాతాలు తాళం పడ్డట్టే. మీ లెక్కలు మీవి. ఎప్పుడు అడిగినా ఎక్సెల్‌లో మొత్తం తీసి ఇస్తామని అగ్రిమెంట్‌లో రాయించుకోండి. రాయనంటే కొనకండి.

అందరూ కొత్తవి కొనాలని నేను అనడం లేదు. నిజానికి మన దగ్గర చాలా దుకాణాలకు ఉన్న ట్యాలీ, ఎక్సెల్ చాలు. మూడొంతుల మెనూలు ఎవరూ ముట్టుకోని పెద్ద ఈఆర్‌పీ (వ్యాపారం మొత్తాన్ని ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) కంటే, ఆ డబ్బులో కొంత గుమాస్తాకు నేర్పించడానికి పెడితే మేలు. మనకు వరంగల్‌లో నిట్ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, మడికొండలో 2020 జనవరి నుంచి ఐటీ క్యాంపస్‌లు ఉన్నాయి. చదువుకున్న పిల్లలకు కొదవ లేదు. నాలుగైదు మిల్లులు కలిసి ఒకరిని జీతానికి పెట్టుకుంటే, అమ్మేవాడి మాటల మీద ఆధారపడాల్సిన అవసరం ఉండదు.

వానాకాలం కొనుగోళ్లకు ముందు ఇప్పుడు మళ్లీ సాఫ్ట్‌వేర్ డెమోలు మొదలవుతాయి. ఓనర్లకు నా విన్నపం ఒక్కటే. అమ్మేవాళ్ల శాంపిల్ బిల్లులతో డెమో చూడకండి. పోయిన సీజన్‌లో బాగా రద్దీగా ఉన్న ఒక రోజు మీ చీటీలు, తక్‌పట్టీలు (రైతుకిచ్చే లెక్క రసీదులు) ఇచ్చి, మీ గుమాస్తానే కూర్చోబెట్టి ఎక్కించమనండి. సాయంత్రానికి లెక్క తేలిందా లేదా అతణ్నే అడగండి. ఆ తర్వాతే రేటు మాట్లాడండి.