నవంబరులో మన ఓటు, మార్చిలో వారి తీర్పు

టెక్సాస్‌లోని కాలిన్ కౌంటీలో ఉంటూ, అమెరికా పౌరసత్వం వచ్చిన నాటి నుంచి ఒక్క ఎన్నిక కూడా వదలకుండా ఓటు వేస్తున్న మనిషిగా ఈ మాటలు రాస్తున్నాను. నా మొగ్గు మొదటి నుంచీ సంప్రదాయవాదం వైపే. ప్రభుత్వం రాబడికి తగినట్టు ఖర్చు పెట్టాలని, వ్యాపారాల్లో అనవసరంగా తలదూర్చకూడదని, చట్టప్రకారం వచ్చి కష్టపడి బతికే వలసదారును గౌరవించాలని, కుటుంబానికీ చదువుకూ విలువ ఇవ్వాలని నమ్ముతాను. రిపబ్లికన్ పార్టీ దశాబ్దాలుగా తనవని చెప్పుకుంటూ వచ్చిన సూత్రాలు ఇవే. ఆ సూత్రాల మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. వాటి పేరు చెప్పి గెలిచి, గెలిచిన మర్నాడే వాటిని గాలికి వదిలేసే నాయకుల మీదే నా కోపమంతా. వారిని దించడానికి నా దగ్గరున్న ఓటు దాదాపుగా పనికిరాదన్నది అంతకంటే పెద్ద బాధ.

ముందు అప్పు సంగతి చూద్దాం. డొనాల్డ్ ట్రంప్ మొదటిసారి అధ్యక్షుడైన 2017 జనవరిలో అమెరికా ప్రభుత్వ అప్పు దాదాపు 20 లక్షల కోట్ల డాలర్లు. నాలుగేళ్ళకు ఆయన దిగిపోయేనాటికి అది 27 లక్షల కోట్లు దాటింది. అందులో కోవిడ్ ఖర్చు ఉందన్నది నిజమే, కానీ కోవిడ్ రాకముందే, 2017 చివర్లోనే, ఖర్చు తగ్గించకుండా పన్నులు తగ్గించింది మన సంప్రదాయవాదులే. బైడెన్ హయాంలో అప్పు పెరిగినప్పుడు దేశం మునిగిపోతోందని గుండెలు బాదుకున్న ఇదే పార్టీ, 2025 జూలై 4న సంతకమైన భారీ బిల్లుతో రాబోయే పదేళ్ళలో లోటును మరో 3.4 లక్షల కోట్ల డాలర్లు పెంచుతుందని అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ వారి సొంత బడ్జెట్ కార్యాలయమే లెక్క కట్టి చెప్పినా లెక్కచేయలేదు. అదే బిల్లులో అప్పు పరిమితిని 5 లక్షల కోట్లు పెంచుకున్నారు. ప్రతినిధుల సభలో చివరి ఓటింగ్ రోజున దాన్ని వ్యతిరేకించిన రిపబ్లికన్లు ఇద్దరే ఇద్దరు. వారిలో ఒకరైన కెంటకీ సభ్యుడు థామస్ మాస్సీని ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నికలో, ఓడించి తీరుతామని అధ్యక్షుడే బహిరంగంగా ప్రకటించారు. సెనేట్‌లో అడ్డుచెప్పిన నార్త్ కరోలినా సెనేటర్ థామ్ టిల్లిస్‌కు కూడా ఇలాంటి హెచ్చరికే వచ్చింది, ఆ మర్నాడే ఆయన మళ్ళీ పోటీ చేయనని చెప్పేశారు. పొదుపు గురించి పార్టీ చెప్పిన మాటకు కట్టుబడి ఓటు వేసినవారికి ఆ పార్టీలోనే దక్కిన మర్యాద ఇది.

సుంకాల విషయంలోనూ ఇదే వరస. స్వేచ్ఛా వాణిజ్యం రీగన్ కాలం నుంచి ఆ పార్టీకి వేదవాక్కు. రాజ్యాంగం ప్రకారం సుంకాలు విధించే అధికారం కాంగ్రెస్‌ది. 2025లో అధ్యక్షుడు ఒక్క సంతకంతో ప్రపంచమంతటి మీద సుంకాలు వేస్తుంటే, రాజ్యాంగాన్ని జేబులో పెట్టుకు తిరిగే సభ్యుల్లో అత్యధికులు నోరు మెదపలేదు. ఆగస్టులో భారతదేశపు సరుకుల మీద సుంకం 50 శాతానికి చేరినప్పుడు, అమెరికా మార్కెట్‌నే నమ్ముకున్న భీమవరం ప్రాంతపు రొయ్యల రైతులు దిక్కుతోచక నిలబడ్డారు. ఇక్కడ మా దేశీ కిరాణా దుకాణాల్లో ధరల చీటీలు మారిపోయాయి.

ఇక వలస విధానం. ఈ విషయంలో మన తెలుగువారు పడుతున్న యాతన నాకు కంటినిండా కనిపిస్తుంది. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000 అని, ఒక్కో దేశానికి 7 శాతానికి మించకూడదని 1990 నాటి చట్టం గీసిన గీత ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పన్నులు కట్టి, ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని కాలేజీ వయసుకు తెచ్చినా వరుసలోనే నిలబడి ఉన్న కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి. ఆ పిల్లలకు 21 ఏళ్ళు నిండగానే తల్లిదండ్రుల వీసా నీడ పోతుంది, తమ దారి తామే వెతుక్కోవాలి. దేశాలవారీ పరిమితిని ఎత్తివేసే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో, రెండు పార్టీల మద్దతుతో నెగ్గింది. సెనేట్‌లో దాన్ని నడిపించింది యూటా రిపబ్లికన్ మైక్ లీ. ఒకసారి రిపబ్లికన్ రాండ్ పాల్ అడ్డుపడ్డారు, మరోసారి డెమొక్రాట్ డిక్ డర్బిన్ అడ్డుపడ్డారు. చివరకు 2020 డిసెంబరులో మార్పులతో సెనేట్ కూడా ఆమోదించింది, కానీ రెండు సభల బిల్లులూ ఒక్కటి కాకుండానే ఆ కాంగ్రెస్ గడువు ముగిసి అంతా మొదటికొచ్చింది. ఆ తర్వాత మనకు దక్కింది 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుల మీద పడిన లక్ష డాలర్ల రుసుము. ఉపాధ్యక్షుడి భార్య ఉషా వాన్స్ మూలాలు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో ఉన్నాయని మనవాళ్ళు మురిసిపోయారు. మురిసిపోవడంలో తప్పేమీ లేదు, కానీ ఆ మురిపెం వరుసలో ఉన్నవారిని ఒక్క అడుగు కూడా ముందుకు జరపలేదు.

ఈ నాయకులందరూ చెడ్డవారనీ పిరికివారనీ తిట్టి ఊరుకోవచ్చు. చాలామంది చేసేది అదే. కానీ ఇంతమంది ఒకే తీరుగా, ఒకే సమయంలో నోరు కట్టేసుకుంటే అది కేవలం వ్యక్తిత్వ లోపం అనుకోలేం. వారు ఎవరికి భయపడుతున్నారో చూడాలి. వారు నవంబరు ఓటరుకు భయపడటం లేదు. మార్చిలోనో మేలోనో, ఎవరూ పట్టించుకోని ఒక మంగళవారం నాడు పార్టీ ప్రైమరీకి వచ్చే కొద్దిమందికి భయపడుతున్నారు.

దీనికి 2014 జూన్ నాటి వర్జీనియాను మించిన ఉదాహరణ లేదు. అంతకు ముందు ఏడాది సమగ్ర వలస సంస్కరణ బిల్లును సెనేట్ 68-32 ఓట్లతో ఆమోదించింది, 14 మంది రిపబ్లికన్లు అనుకూలంగా ఓటు వేశారు. ప్రతినిధుల సభ స్పీకర్ జాన్ బేనర్ దాన్ని ఓటింగ్‌కే తేలేదు. ఏదో ఒక రూపంలో కదులుతుందన్న ఆశ కొంత మిగిలి ఉండగా, సభలో ఆయన తర్వాతి స్థానంలో ఉన్న ఎరిక్ కాంటర్ రిచ్‌మండ్ దగ్గర తన సొంత నియోజకవర్గపు ప్రైమరీలో, వలసల విషయంలో మెత్తబడ్డారన్న ఆరోపణ మీద, ఎవరికీ తెలియని ఒక కాలేజీ ప్రొఫెసర్ చేతిలో ఓడిపోయారు. ఆ ప్రైమరీలో ఓటు వేసింది సుమారు 65 వేల మంది. నెల తిరగకముందే ఆ ఏడాది ఓటింగ్ ఉండదని బేనర్ అధ్యక్షుడు ఒబామాకు చెప్పేశారు. ముప్పై కోట్ల జనాభా దాటిన దేశపు వలస విధానం, అందులో మన గ్రీన్‌కార్డుల భవిష్యత్తు, ఆ 65 వేల మంది దగ్గర ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఏ రిపబ్లికన్ సభ్యుడికీ ఆ పాఠం మరొకరు చెప్పాల్సిన అవసరం రాలేదు.

టెక్సాస్‌లో ఈ జబ్బు మరీ ముదిరింది. 1994 తర్వాత ఈ రాష్ట్రమంతా ఓటు వేసే ఏ పదవినీ డెమొక్రాట్ గెలవలేదు. కాబట్టి రిపబ్లికన్ ప్రైమరీలో గెలిచినవాడే గవర్నర్, గెలిచినవాడే అటార్నీ జనరల్. 2022 మార్చిలో రాష్ట్రంలో నమోదైన ఓటర్లు సుమారు 1 కోటీ 72 లక్షలు. రిపబ్లికన్ ప్రైమరీకి వచ్చింది 20 లక్షల లోపే. మొదటి విడతలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాక, అటార్నీ జనరల్ పదవికి మే నెలలో జరిగిన రెండో విడతకు వచ్చింది 10 లక్షల లోపే. నవంబరులో నేను బూత్‌లోకి వెళ్ళేసరికి జడ్జీలు మొదలుకొని కౌంటీ పదవుల దాకా ఎన్నో చోట్ల ఒక్కటే పేరు ఉంటుంది, ఎదురు గడి ఉండదు. ఎంపిక మార్చిలోనే ముగిసిపోయిందన్నమాట. ఆ మార్చిలో పోలింగ్ కేంద్రంలో లైసెన్సు చూపించగానే బల్ల వెనకున్న వాలంటీరు మర్యాదగా అడిగే మొదటి ప్రశ్న, ఏ పార్టీ ప్రైమరీ అని. అక్కడ ఒకటి చెబితే రెండోది పోయినట్టే. ఒక పదవికి ఇటు మంచి మనిషి, మరో పదవికి అటు మంచి మనిషి కనిపిస్తున్నా, రెండు కాగితాల్లో ఒక్కటే చేతికొస్తుంది.

ఇలా ఎన్నికైన రాష్ట్ర శాసనసభ ఎలా నడుచుకుంటుందో 2023 మే నెలలో కళ్ళారా చూశాం. మే 6న అలెన్ అవుట్‌లెట్ మాల్‌లో ఒక ముష్కరుడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తిరుగు ప్రయాణానికి ముందు బట్టలు, సూట్‌కేసులు కొనిపెట్టడానికి మనమంతా తీసుకెళ్ళే మాల్ అది. చనిపోయినవారిలో ఒక తెలుగు యువతి కూడా ఉంది. అంతకు ఏడాది ముందు యువాల్డే బడిలో 19 మంది పసిపిల్లలు, ఇద్దరు టీచర్లు బలయ్యారు. ఆ పిల్లల తల్లిదండ్రులు నెలల తరబడి రాష్ట్ర రాజధాని ఆస్టిన్ చుట్టూ తిరిగి అడిగింది ఒక్కటే, సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనే వయసును 18 నుంచి 21కి పెంచమని. అలెన్ కాల్పులు జరిగిన రెండు రోజులకు ఒక సభా కమిటీ 8-5 ఓట్లతో ఆ బిల్లును ముందుకు పంపింది, ఇద్దరు రిపబ్లికన్లు మద్దతిచ్చారు. సభలో చర్చకు రాకుండానే గడువు దాటించి దాన్ని చంపేశారు. ఆ ఇద్దరిలో ఒకరు మళ్ళీ పోటీ చేయలేదు. రెండో ఆయన, రాక్‌వాల్‌కు చెందిన జస్టిన్ హాలండ్, 2024 మే ప్రైమరీ రెండో విడతలో ఓడిపోయారు. ఆయన మీద పార్టీవారికి ఉన్న ఫిర్యాదు ఇది ఒక్కటే కాదు. ప్రైవేటు బడుల ఫీజులకు ప్రభుత్వ సొమ్ము ఇచ్చే వోచర్ల పథకాన్ని 2023 నవంబరులో అడ్డుకున్న 21 మంది రిపబ్లికన్లలో ఆయన కూడా ఒకరు. వారిలో ఎక్కువమంది తమ ఊళ్ళలో ప్రభుత్వ బడే పెద్ద దిక్కని తెలిసిన గ్రామీణ సభ్యులు. గవర్నర్ గ్రెగ్ ఆబట్ వారి మీదికి సొంత అభ్యర్థులను నిలబెట్టారు. అందుకు పెన్సిల్వేనియాకు చెందిన ఒక కోటీశ్వరుడు, జెఫ్ యాస్, 60 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. పలువురు పదవులు కోల్పోయారు, 2025 మేలో వోచర్ల చట్టం మీద గవర్నర్ సంతకం పడింది. తన ఊరి బడి కోసం నిలబడటం కంటే సంప్రదాయవాదం ఇంకేముంటుందో నాకు అర్థం కాదు.

మరి అవతలి పార్టీకి వేయొచ్చు కదా అని మిత్రులు అంటారు. కొన్నిసార్లు వేశాను. కానీ ఆ పార్టీ కూడా ఈ ఆటలో అమాయకురాలేమీ కాదు. 2021 జనవరిలో ట్రంప్ అభిశంసనకు ఓటు వేసిన పదిమంది రిపబ్లికన్లలో మిషిగన్‌కు చెందిన పీటర్ మైయర్ ఒకరు. 2022 ప్రైమరీలో ఆయన ప్రత్యర్థి, 2020 ఎన్నికే దొంగ ఎన్నిక అనే మనిషి, నెగ్గితే నవంబరులో తమకు సులువవుతుందని డెమొక్రాట్ల ప్రచార సంఘం 4 లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి ఆ ప్రత్యర్థిని ఓటర్ల కళ్ళకు కట్టేలా ప్రకటన వేసింది. మైయర్ ఓడిపోయారు, ఆ సీటు డెమొక్రాట్లకు దక్కింది. ప్రజాస్వామ్యం ప్రమాదంలో ఉందని చెప్పే నోటితోనే ఈ పని ఎలా చేయగలిగారని నాకు నేటికీ మండుతూనే ఉంది. 2024లో బైడెన్‌కు అసలైన పోటీ లేకుండా ప్రైమరీలు ముగించి, జూలై 21న ఆయన తప్పుకున్నాక ఒక్క ప్రైమరీ ఓటు కూడా లేకుండా కమలా హారిస్‌ను నిలబెట్టారు. ఆమె సమర్థురాలా కాదా అన్నది వేరే విషయం, ఎంచుకునే అవకాశం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

మూడో పార్టీ అంటే తెలుగువారికి వెంటనే గుర్తొచ్చేది 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్. ఇక్కడ అది ఊహకు కూడా అందదు. మా టెక్సాస్ వ్యాపారవేత్త రాస్ పెరో 1992లో స్వతంత్రుడిగా దేశవ్యాప్తంగా దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నా, రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్లలో ఒక్కరు కూడా దక్కలేదు. 2024లో టెక్సాస్ బ్యాలట్ మీదికి స్వతంత్ర అధ్యక్ష అభ్యర్థి ఎక్కాలంటే, ప్రైమరీ ముగిశాక దాదాపు పది వారాల్లో లక్షా 13 వేలకు పైగా సంతకాలు సేకరించాలి, పైగా ఆ సంతకం పెట్టేవారు ప్రైమరీలో ఓటు వేసి ఉండకూడదు. రాజకీయాల మీద శ్రద్ధ ఉన్నవారిని ముందే ఏరి పక్కన పెట్టే నిబంధన ఇది.

దీన్ని మార్చవచ్చనడానికి మాత్రం గట్టి ఆధారం ఉంది. అభిశంసనకు ఓటు వేసిన ఆ పదిమందిలో 2022లో తిరిగి గెలిచినవారు ఇద్దరే, వాషింగ్టన్ రాష్ట్రపు డాన్ న్యూహౌస్, కాలిఫోర్నియా డేవిడ్ వాలడావ్. ఆ రెండు రాష్ట్రాల్లోనూ పార్టీలవారీ ప్రైమరీ లేదు. అభ్యర్థులంతా ఒకే బ్యాలట్ మీద ఉంటారు, ఓటర్లంతా ఓటేస్తారు, మొదటి ఇద్దరు నవంబరుకు వెళతారు. ట్రంప్‌ను దోషిగా తేల్చాలని సెనేట్‌లో ఓటు వేసిన అలాస్కా సెనేటర్ లిసా మర్కౌస్కీ కూడా అదే ఏడాది గెలిచారు. అక్కడ నలుగురు నవంబరుకు వెళతారు, ఓటరు వారికి ప్రాధాన్య క్రమం ఇస్తాడు. వ్యోమింగ్‌లో పార్టీ ప్రైమరీకి తలవంచాల్సి వచ్చిన లిజ్ చేనీ, ఆ పదిమందిలోనే మరొకరు, మాత్రం చిత్తుగా ఓడిపోయారు. ధైర్యం అందరిదీ ఒక్కటే. ఆ ధైర్యం బతికి బట్టకట్టిందా లేదా అన్నది ప్రైమరీ నియమాన్ని బట్టి తేలింది.

టెక్సాస్‌లో ప్రజలు సంతకాలు సేకరించి ఇలాంటి ప్రతిపాదనను నేరుగా రాష్ట్రవ్యాప్త ఓటుకు పెట్టే వీలు లేదు. శాసనసభే చేయాలి, ఆ సభ ఈ ప్రైమరీల వల్లే పుట్టింది. ఇప్పుడు రాష్ట్ర రిపబ్లికన్ పార్టీ ఉన్న కాస్త సందునూ మూసేయాలని చూస్తోంది. పార్టీ సభ్యుడిగా ముందే నమోదైనవారు తప్ప మరెవరూ తమ ప్రైమరీలో ఓటు వేయకూడదని 2024లో నిబంధన పెట్టుకుని, మరుసటి ఏడాది కోర్టుకు వెళ్ళింది. అందుకే కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఉన్న మన తెలుగు పౌరులను అడుగుతున్నాను. నవంబరులో అధ్యక్షుడి కోసం గంటసేపు వరుసలో నిలబడే మీరు, తలుపు ఇంకా తెరిచి ఉన్న ఈ కాలంలో మార్చి ప్రైమరీకి ఎందుకు రావడం లేదు? దాదాపు రెండు వారాల ముందు నుంచే ముందస్తు ఓటింగ్ ఉంటుంది. మే నెలలో రెండో విడత వస్తే దానికీ రండి. ఓటు అడగడానికి గుడి దగ్గరికీ సంక్రాంతి వేడుకలకీ వచ్చి దండలు వేయించుకునే ప్రతి అభ్యర్థినీ, ఫోటో దిగే ముందు రెండు ప్రశ్నలు అడగండి. గ్రీన్‌కార్డు పరిమితి మీద మీ ఓటు ఏమిటి? పార్టీతో సంబంధం లేకుండా ఓటర్లందరికీ ఒకే ప్రైమరీ పెట్టే బిల్లు వస్తే మీరు ఎటు? జవాబు చెప్పిన తేదీ, చెప్పిన మాట రాసి పెట్టుకుని, రెండేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చినప్పుడు వారి ముందు పెట్టండి.