బాలల అవార్డుల సభలో బాలల బెడద

బాలల అవార్డుల సభ జరపాలంటే హాలు దొరకాలి, శాలువాలు దొరకాలి, ముఖ్య అతిథి దొరకాలి. బెజవాడలో ఈ మూడూ డబ్బు పెడితేనో బతిమాలితేనో దొరుకుతాయి. పేచీ అంతా నాలుగో సరుకుతోనే. బాలలు ఆకలంటారు, నిద్రొస్తోందంటారు, తమ పేరు ఎప్పుడు పిలుస్తారని అడుగుతారు. వాళ్లు లేకుండా ఈ సభ జరిపే ఉపాయం ఇంకా ఎవరికీ తట్టలేదు గనక, వాళ్ల వల్ల పెద్దలకు కలిగే అసౌకర్యాన్ని తగ్గించుకోవడం నిర్వాహకుల కనీస ధర్మం.

మొదట విజేతలెందరో తేల్చుకోవాలి. పోటీలయ్యాక తేలుతుందిగా అనేవాడు ఈ రంగానికి కొత్త. ప్రవేశ రుసుము కట్టినవాళ్లు 72 మందయితే విజేతలూ 72 మందే. ప్రథమ, ద్వితీయ, తృతీయ పోగా మిగిలినవాళ్లకి ‘విశిష్ట’, ‘ప్రత్యేక’, ‘జ్యూరీ మెచ్చిన’ అని పంచాలి. ‘కన్సొలేషన్’ అని మాత్రం వేయించకూడదు, తల్లులకు ఇంగ్లీషు వచ్చు. షీల్డుల షాపతను పేర్లు మూడు రోజుల ముందే కావాలంటాడు. పోటీ చూస్తే ఎల్లుండి. కొత్తవాళ్లు దీన్ని సమస్య అనుకుంటారు. అనుభవజ్ఞులు పేర్లు ఇచ్చేస్తారు. న్యాయనిర్ణేతలకు మార్కుల కాగితంతోపాటు పెన్ను కాక పెన్సిలు ఇవ్వడంలోని మర్మం ఇదే.

షీల్డుల మీద అంటించే పేర్ల స్టిక్కర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, సభ పరువంతా దాని జిగురు మీదే నిలబడి ఉంటుంది. వేసవి శిబిరం ముగింపు సభయితే షీల్డుల పెట్టె ఆటోలో అరగంట ఎండకు మాడుతుంది, జిగురు మెత్తబడి స్టిక్కరు అంచులు లేస్తాయి. వాటిని సర్దే కార్యకర్త అప్పుడే మిరపకాయ బజ్జీ తిని ఉంటాడు. నూనె చేత్తో నొక్కిన స్టిక్కరు పిల్ల మెట్లు దిగేలోపు రాలిపోతుంది. షీల్డుల్ని నిలబెట్టి, మధ్యలో కాగితం పెట్టి సర్దమని ఎంత మొత్తుకున్నా ఒకదాని మీద ఒకటి పేరుస్తారు, ఒకదాని పేరు ఇంకొకదాని వీపుకు అంటుకుంటుంది. అందుకని పేరు లేనివి ఒక పదైనా అదనంగా చేయించుకోవాలి. వాటికి ఇంకో ఉపయోగం కూడా ఉంది: పిలవకుండా వచ్చే కార్పొరేటర్.

ఫ్లెక్సీ 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉంటే చాలు. అందులో ముఖ్య అతిథి ముఖం మూడడుగులు, అధ్యక్షుడిది రెండున్నర, దాతలవి తలా ఒకటి. బాలలకు సూచనగా మూలన ఒక బెలూను బొమ్మ.

వేదిక తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం అనుకుందాం. క్షేత్రయ్య మువ్వా, సిద్ధేంద్రయోగి కూచిపూడీ ఒకే మండలంలో ఉన్నాయి కాబట్టి ఒక్క కూచిపూడి అంశమైనా లేకపోతే బాగుండదు. సభ 5 గంటలకు అంటే పిల్లల్ని 2 గంటలకే రమ్మనాలి. రంగు, పారాణి, సవరం, జడ, వడ్డాణం, గజ్జెలు, అన్నీ కలిపి రెండు గంటల పైమాటే. ఒకసారి పెదాలకు రంగు పడ్డాక తిండి లేదు. కట్టిన కాస్ట్యూమ్ విప్పాలంటే హుక్కులూ పిన్నులూ కలిపి పావుగంట పడుతుంది గనక నీళ్లూ లేవు. దీన్ని క్రమశిక్షణ అంటారు, ఉపన్యాసాల్లో మెచ్చుకుంటారు కూడా.

ముఖ్య అతిథి గుంటూరు నుంచి రావాలి. ఆయన ఫోన్ భాష తెలిసి ఉండటం అవసరం. “బయల్దేరానండీ” అంటే స్నానానికి. “కాజ టోల్‌గేటు దగ్గరున్నా” అంటే చొక్కా ఇస్త్రీ అవుతోంది. “వారధి మీదున్నానండీ, ట్రాఫిక్కు” అంటే నిజంగానే కారెక్కారు. ఈ గంటన్నరా పిల్లల చేత నాట్యాలు చేయించి హాలు నింపి ఉంచాలి. ఆయన గుమ్మంలోకి రాగానే పాట ఎక్కడుంటే అక్కడ ఆపేయాలి. జతి మధ్యలో ఒంటికాలి మీదున్న పాపకు చప్పట్లు వినిపిస్తాయి, అవి తనకే అనుకుని నవ్వుతుంది. పోనీ, అనుకోనివ్వండి.

ఇక లెక్క. వేదిక మీద 11 కుర్చీలు. మనిషికి పూలగుత్తి, శాలువా, జ్ఞాపిక, ఫొటో కలిపి 2 నిమిషాలు. “రెండే ముక్కలు చెప్పి ముగిస్తాను” అన్న ప్రసంగం 8 నిమిషాలు. మొత్తం 110 నిమిషాలు. అతిథి 6.30కి వస్తే, జ్యోతి ప్రజ్వలనకు పది నిమిషాలు (ఫ్యాను ఆపకుండా వత్తి వెలిగించబోయి అగ్గిపెట్టె సగం ఖాళీ చేయడం మన సంప్రదాయం), ప్రసంగాలు పూర్తయ్యేసరికి 8.30. హాలు 9కి అప్పగించాలి. మిగిలింది 1,800 సెకన్లు, 72 మంది విజేతలు, తలకు సరిగ్గా 25 సెకన్లు. ఇందులోనే మెట్లెక్కడం, దండం పెట్టడం, కెమెరా వైపు తిరగడం, అటువైపు మెట్లు దిగడం.

కానీ ముఖ్య అతిథి మధ్యలో “ఒక్క డాన్సు చూస్తాను” అంటారు. అక్కడే అసలు గండం. తరంగం అనే కూచిపూడి అంశంలో అమ్మాయి ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలుంచి పళ్లెంతో సహా జరగాలి. నున్నటి నేల మీద పళ్లెం కదులుతుంది. అతిథి కోసం పరిచిన ఎర్ర తివాచీ మీద కదలదు, ఇరుక్కుంటుంది, అమ్మాయి ముందుకు తూలుతుంది. తివాచీ తీస్తే కింద గులాబీ రేకులు, దీపం నూనె. ఉత్త కాళ్లతో ఆడేవాళ్లకు తడి రేకు అరటి తొక్కతో సమానం. సన్మానానికి ముందే నాట్యం పెట్టుకుంటే ఈ తిప్పలే ఉండవు. అలా పెడితే మాత్రం నాట్యం చూసి జనం వెళ్లిపోతారు. పాట ఎవరో నాన్నగారి ఫోన్లో ఉంటుంది, దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టించాలి. లేదంటే కృష్ణుడు వెన్న దొంగిలించే ఘట్టంలో ఆయన మేనేజరు పిలుస్తాడు, హాలంతా వింటుంది.

అమెరికాలో నికెలోడియన్ టీవీ వాళ్లు 1988 నుంచి కిడ్స్ ఛాయిస్ అవార్డులని ఇస్తున్నారు. ఓట్లు పిల్లలే వేస్తారట. పెద్ద పెద్ద తారల నెత్తిన బకెట్లకొద్దీ ఆకుపచ్చటి జిగురు గుమ్మరిస్తే వాళ్లు సంతోషిస్తారట. ఇది సంస్కారం లేని పద్ధతి. మన దగ్గర పెద్దల నెత్తిన పన్నీరు పడుతుంది, పిల్లల నెత్తిన ఉపన్యాసం పడుతుంది.

తొమ్మిదింటికి కాపలాదారు ఒక వరస లైట్లు ఆర్పుతాడు. అప్పటికి నలభయ్యో పేరు దగ్గరుంటాం. మిగిలిన షీల్డులు పెట్టెలోంచి అందినవి అందినట్టు పంచేయడమే. ఏకపాత్రాభినయం చేసిన దుర్యోధనుడు తండ్రి భుజం మీద నిద్రపోతూ బయటకొస్తాడు, గద తల్లి చేతిలో, షీల్డు వాడి ఒళ్లో. దాని మీద ‘మా ఆహ్వానాన్ని మన్నించి విచ్చేసిన ముఖ్య అతిథి గారికి’ అని ఉంటుంది. ‘సబ్ జూనియర్స్ ఏకపాత్రాభినయం, జ్యూరీ మెచ్చిన బాలుడు’ అన్నది ఆపాటికి వారధి దాటి ఉంటుంది. గుంటూరులో దాన్ని హాల్లో అద్దాల బీరువాలో, పై అరలో పెడతారు.