ఫైళ్లు మోసేవాళ్ల తరఫున

మా ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ ముగించుకుంటున్న ఒక ఫార్మ్-డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) అమ్మాయి ఈ మధ్యాహ్నం ఇక్కడి క్లినికల్ ట్రయల్స్ (కొత్త మందులను మనుషుల మీద పరీక్షించే అధ్యయనాలు) పనులు చూసుకునే సైట్ కోఆర్డినేటర్‌నైన నా దగ్గరకు వచ్చి, కోఆర్డినేటర్ ఉద్యోగంలో చేరడం లేదని, అమీర్‌పేటలో ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల మీద నిఘా) కోర్సుకు డబ్బు కట్టేశానని చెప్పింది. ఎందుకమ్మా అంటే, "సైట్ కోఆర్డినేటర్ అంటే ఫైళ్లు మోసే పనట కదక్కా, డెమో క్లాసులో సారు చెప్పారు" అంది. ఆ సారు ఏనాడైనా ఒక ట్రయల్ సైటు (ట్రయల్ జరిగే ఆసుపత్రి) గడప తొక్కారో లేదో దేవుడికే తెలియాలి.

అవును, మోస్తాం. ఫైళ్లే కాదు, రక్తనమూనాలను డ్రై ఐస్‌లో సర్ది, కొరియర్ అబ్బాయి వెళ్లిపోకముందే అందించాల్సిన పరుగు కూడా మాదే. చదువు రాని పేషెంటు వేలిముద్ర వేసే ముందు, ట్రయల్‌తో ఏ సంబంధమూ లేని సాక్షిని వెతికి తెచ్చి కూర్చోబెట్టేదీ మేమే.

నల్లగొండ వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన ఆ మధ్య బస్సు చార్జీల వోచరు మీద సంతకం పెడుతూ, "మొన్న జ్వరమొస్తే మా దిక్కు దవాఖాన్ల రెండ్రోజులు పండబెట్టి గ్లూకోజులు ఎక్కిచ్చిన్రు బిడ్డా" అని మాటవరసకు అన్నారు. పది నిమిషాల ముందు డాక్టరుగారు అడిగితే అంతా మంచిగనే ఉందన్న మనిషే ఆయన! ట్రయల్‌లో ఉన్న పేషెంటు ఆసుపత్రిలో చేరాడంటే అది తీవ్ర ప్రతికూల ఘటన. 2019 నాటి నియమాల ప్రకారం, అలాంటిది జరిగిన 24 గంటల్లోగా ఇన్వెస్టిగేటరు (ట్రయల్ నడిపే డాక్టరు) కేంద్ర లైసెన్సింగ్ అథారిటీకి, స్పాన్సరుకు (ట్రయల్ చేయించే కంపెనీకి), ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి. వోచరు దగ్గర ఆ మాట ఎవరి చెవినా పడకపోయి ఉంటే, ఏసీ గదిలో కూర్చున్న ఏ సేఫ్టీ అసోసియేట్ (ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగి) ముందుకూ ఆ కేసు వచ్చేదే కాదు.

ఫార్మకోవిజిలెన్స్ పనికిరానిదని నేను అనడం లేదు. సొంత డెస్కు, ఇంటి ముందు దింపే క్యాబు, పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికి పెద్ద కంపెనీ పేరు, ఇవన్నీ ఎవరికి చేదు? అయితే రోజువారీ కేసుల టార్గెట్ల గురించి, కేసుల నమోదులో ఇప్పటికే కొంత పనిని సాఫ్ట్‌వేర్ లాక్కుంటున్న సంగతి గురించి డెమో క్లాసులో నోరెత్తరు, ఎందుకంటే ఎత్తితే ఫీజు రాదు. మన దేశంలో 2008లో మొదలైన ఫార్మ్-డి ఆరేళ్ల చదువు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. వార్డుల్లో డాక్టర్ల వెనక తిరిగి, కేసు షీటు చదవడమూ పేషెంటుతో మాట కలపడమూ నేర్చుకున్న పిల్లలను, పేషెంటు ముఖమే కనిపించని కుర్చీలోకి తోయడానికి మళ్లీ ఒక కోర్సు కావలసి వచ్చింది.

నిజానికి ఆ సారును అని ఏం లాభం? మమ్మల్ని అలా చూడటం ఆయనకు నేర్పింది మన రంగమే. సీఆర్ఏ (స్పాన్సరు తరఫున సైట్లను తనిఖీ చేసే మానిటరు) ఉద్యోగ ప్రకటన ఏది తెరిచినా మానిటరింగ్ అనుభవం ఉన్నవాళ్లే కావాలంటారు, సైటులో గడిపిన ఏళ్లను లెక్కలోకి తీసుకోరు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు. నాకంటే చిన్నవాడైన ఒక మానిటరు వచ్చి, ఫలానా పేషెంటు విజిట్ విండో (రావలసిన రోజుల గడువు) ఎందుకు దాటిందని నిలదీశాడు. ఆ మనిషి వరికోతల్లో ఉన్నాడని, ఫోన్లు చేసి బతిమాలితే ఆ మాత్రమైనా వచ్చాడని చెబితే, "డీవియేషన్ (నిబంధన తప్పిందని) రాసేయండి మేడమ్" అని లాప్‌టాప్‌లోకి తల దించుకున్నాడు. రాశాను. ఆయన విమానం టికెట్టు ఖర్చులో నా నెల జీతం ఎంత భాగమో కూడా ఆ పక్కనే రాయాలనిపించింది.

స్పాన్సరు సైటుకు ఇచ్చే బడ్జెట్‌లో కోఆర్డినేటర్ పేరుతో ఒక పద్దు ఉంటుంది. అది ఎస్ఎంఓ (సైట్లకు కోఆర్డినేటర్లను సమకూర్చే సంస్థ) చేతులు దాటి మన ఖాతాలోకి వచ్చేసరికి ఎంత మిగులుతోందో, ఇది చదువుతున్న కోఆర్డినేటర్లు ఎవరైనా ధైర్యం చేసి చెప్పండి, కలిసి నవ్వుకుందాం.