మూలికకు శక్తి ఉంటే హెచ్చరిక కూడా ఉండాలి

మానసిక వైద్యుడి గదిలోంచి బయటికి వస్తూ మన రోగి తప్పకుండా అడిగే ప్రశ్న: "పథ్యం ఏమైనా ఉందా డాక్టర్‌గారూ?" వంకాయ మానాలా, గోంగూర తినొచ్చా అని కూడా అడుగుతాడు. రాత్రిపూట పాలలో కలుపుకుంటున్న అశ్వగంధ చూర్ణం సంగతి మాత్రం చెప్పడు. దాచాలని కాదు, అదీ మందేనని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ నేరాన్ని రోగి మీదికి నెట్టడం అన్యాయం.

శంఖపుష్పి సంగతే చూడండి. పరీక్షల కాలంలో జ్ఞాపకశక్తి కోసమని పిల్లలకు పట్టించే సిరప్ అది. ఫెనిటాయిన్ అనే మూర్ఛ మందుతో అదుపులో ఉన్న జబ్బు ఇద్దరు రోగుల్లో ఉన్నట్టుండి తిరగబెట్టిందని 1992లో ముంబై వైద్యులు ప్రచురించారు. రక్తంలో ఫెనిటాయిన్ స్థాయి పడిపోయింది. కారణం వెతికితే శంఖపుష్పి మందు బయటపడింది. ఎలుకల మీద పరీక్షిస్తే అక్కడా అదే ఫలితం. పిప్పళ్లలో, మిరియాలలో ఉండే పైపరిన్‌ది దీనికి ఎదురు దారి. అది రక్తంలో కార్బమజెపైన్ స్థాయిని పెంచుతుందని మన దేశ పరిశోధకులే చూపించారు. ఆ కార్బమజెపైన్‌ను మూర్ఛకే కాదు, బైపోలార్ రోగులకూ ఇస్తారు. అంటే ఒక మూలిక మాత్రను నీరుగారుస్తుంది, ఇంకొకటి మోతాదు మించేలా చేస్తుంది. అశ్వగంధ, ఆందోళనకు ఇచ్చే క్లోనజెపామ్ మాత్ర మత్తును పెంచవచ్చు, థైరాయిడ్ హార్మోన్లనూ పెంచవచ్చు. బైపోలార్‌కు ఇచ్చే లిథియం వాడేవారికి థైరాయిడ్ పరీక్షలు తప్పనిసరి. చూర్ణం సంగతి తెలియని డాక్టరు ఆ రిపోర్టు చూసి ఏమని అర్థం చేసుకోవాలి?

తాతముత్తాతల కాలం నుంచి వాడుతున్నాం, ఎవరికేమైంది అంటారు. ఆ అనుభవాన్ని నేను కొట్టిపారేయను. కానీ తాతలు ఎస్సిటాలోప్రామ్ లాంటి డిప్రెషన్ మాత్రలు వేసుకోలేదు. శతాబ్దాల అనుభవం మూలికది మాత్రమే. మూలిక, మాత్ర ఒకే ఒంట్లో కలవడం మొదలై కొన్ని దశాబ్దాలే అయింది. దానికి ఏ తాళపత్రమూ పూచీ పడదు. సరిగా వాడకపోతే మందే తీక్ష్ణ విషమవుతుందని చరకుడే హెచ్చరించాడు. "సైడ్ ఎఫెక్టులు లేవు" అని ప్రకటన వేసేవారు ఆయుర్వేదాన్ని పొగడటం లేదు, అవమానిస్తున్నారు. ఒంట్లో ఏ మార్పూ తేలేని పదార్థం జబ్బును మాత్రం ఎలా తగ్గిస్తుంది?

చట్టం తీరు ఇంకా దారుణం. డ్రగ్స్ నిబంధనల్లో 161వది చెప్పేదేమిటంటే, షెడ్యూల్ ఇ(1) విషద్రవ్యాల జాబితాలోని పదార్థం ఉంటేనే ఆయుర్వేద మందు మీద "వైద్య పర్యవేక్షణలో వాడాలి" అన్న హెచ్చరిక తప్పనిసరి. అదీ ఇంగ్లీషులో, హిందీలో! అశ్వగంధ, శంఖపుష్పి ఆ జాబితాలో లేవు. దుష్ఫలితాల నమోదుకూ రెండు వేర్వేరు వ్యవస్థలు. ఇంగ్లీషు మందులకు 2010లో మొదలైన కార్యక్రమాన్ని ఘజియాబాద్‌లోని ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. ఆయుష్ మందులకు 2018లో విడిగా ఇంకొకటి పెట్టారు. మూలిక, మాత్ర రెండూ కలిసి చేసిన హాని ఏ పుస్తకంలోకి ఎక్కాలి?

అసలు జబ్బు ఇక్కడే ఉంది. ఆయుర్వేదాన్ని మన పాలకులు గర్వకారణంగా చూస్తారు, మందుగా చూడరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసరోగాల్లో పీజీ చేసిన ఆయుర్వేద వైద్యులను కూడా మానసిక ఆరోగ్య నిపుణులుగా గుర్తించింది. గౌరవం ఇచ్చినప్పుడు బాధ్యత ఎందుకు ఇవ్వరు? మానసిక వైద్యుడూ ఆయుర్వేద వైద్యుడూ ఒకే కేసు షీటు చూసే ఏర్పాటు ఎందుకు చేయరు?

ఇది చదివి ఎవరూ మాత్రలు ఆపేయవద్దు. క్లోనజెపామ్ లాంటివి హఠాత్తుగా మానితే ఫిట్స్ రావచ్చు. వాడుతున్న చూర్ణం డబ్బా, ఆయుర్వేద అరిష్టం సీసా మీ డాక్టరుకు చూపించండి. ప్రభుత్వాల వంతు కూడా ఉంది. ఎర్రగడ్డలోనూ విశాఖ మానసిక వైద్యశాలలోనూ ఓపీ చీటీ మీద "ఇంకేం మందులు, మూలికలు వాడుతున్నారు?" అనే గడి ఒకటి తెలుగులో అచ్చు వేయించాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.