జాగ్రత్త!

మా నాన్న మాకు చెప్పిన బుద్ధులన్నీ కలిపితే ఒకటే మాట: జాగ్రత్త. గడప దాటుతున్నా, పరీక్షకు వెళ్తున్నా, ఫోన్ పెట్టేస్తున్నా అదే. ముగ్గురికీ సమానంగా పంచారు.

అన్నయ్య చెవిన అది ‘జాగ్రత్త చెయ్యి’ అని పడింది. అంటే దాచిపెట్టమని. అన్నయ్య దాచింది దొంగకు దొరకదు. అన్నయ్యకూ దొరకదు. అక్కకు ‘ఎవర్నీ నమ్మకు’ అని వినిపించింది. గ్యాస్ కట్టేశామని చెబితే వెళ్లి చూసి వస్తుంది. తను సరిగ్గా చూసిందో లేదోనని మళ్లీ వెళ్తుంది. నేను మాత్రం ఆ మాటకు సంస్కృతంలో అసలు అర్థం మెలకువగా ఉండడమని తెలిశాక నిశ్చింతగా ఉండిపోయాను. మెలకువగానే ఉన్నాను కదా, ఇంకేం కావాలి?

మొన్న అందరం బయటికి బయల్దేరాం. మా తలుపు లాగితే దానంతటదే తాళం పడిపోయే రకం. రాత్రి వానలో తడుస్తూ తిరిగొచ్చాం. తాళంచెవి ఎక్కడ?

"జాగ్రత్త చేశాను" అన్నాడు అన్నయ్య గర్వంగా. చిన్న పర్సులో పెట్టి, పర్సును బ్యాగు లోపలి జిప్పులో పెట్టాడట. బ్యాగు? అది హాల్లో కుర్చీ మీద ఉంది.

"పూలకుండీ కింద ఇంకోటి ఉండాలిగా" అన్నారు నాన్న.

"అక్కడుంటే ఎవరైనా తీసేస్తారని నేనే తీసేశాను" అంది అక్క. "బీరువాలో పెట్టాను."

బ్యాగు కుర్చీ మీదే ఉండిపోవడం బయల్దేరేటప్పుడు నేను చూశాను. ఇద్దరు పెద్దవాళ్లున్నారుగా అని ఊరుకున్నాను. దీనికి శాస్త్రం ఉంది. 1968లో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. పక్క గదిలో ఎవరికో ఫిట్స్ వస్తున్నట్టు వినిపించారు. వింటున్నది తామొక్కరమే అనుకున్నవాళ్లలో నూటికి 85 మంది, అది ఆగేలోపే పరుగున వెళ్లి చెప్పారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో 31 మందే. మిగతా 69 మందీ వాళ్ల ఇళ్లలో ఆఖరివాళ్లే అయ్యుంటారని నా గట్టి నమ్మకం. ఈ సంగతి అక్కడే, వానలోనే వివరించబోయాను.

"ఒరేయ్, నోరు మూస్తావా?" అంది అక్క. అన్నయ్య కూడా అదే అభిప్రాయంతో ఉన్నట్టు కనిపించాడు. వాళ్లిద్దరూ ఒక మాట మీద ఉండడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

తాళాలు తీసేవాడొచ్చి రెండు నిమిషాల్లో తలుపు తీశాడు. వెళ్తూ వెళ్తూ "జాగ్రత్తండీ" అని నాన్నకే చెప్పాడు.

నాన్న మా ముగ్గురినీ ఒకసారి ఎగాదిగా చూశారు. ఏమీ అనలేదు. లోపలికెళ్లి, రెండు తాళంచెవులూ తీసి తన చొక్కా జేబులో వేసుకున్నారు.

మర్నాడు ఆ చొక్కాను వాషింగ్ మెషీన్లో వేసింది నేనే. జేబులు అక్క చూసే ఉంటుందనుకున్నాను.