బాంబులు లెక్కపెట్టడం కూడా ఒక ఉద్యోగమే

మొన్న క్లాసు అయిపోయాక ఒక విద్యార్థిని నా దగ్గర ఆగి అడిగింది. "మేడం, అణ్వాయుధాలు తయారుచేసే ఉద్యోగాలు ఉంటాయని తెలుసు. అవి పెరగకుండా చూసే ఉద్యోగాలు కూడా ఉంటాయా?" ఫిజిక్స్ మూడో సంవత్సరం అమ్మాయి. "ఉంటాయమ్మా" అన్నాను. "మరి ఎలా చేరాలి?" అంది. దానికి మాత్రం సూటిగా జవాబు చెప్పలేకపోయాను. అప్పటి నుంచీ మనసులో అదే తిరుగుతోంది. అందుకే ఈ పోస్టు, కాస్త పొడుగైనా సరే.

జాతీయ భద్రత అనగానే చాలామందికి యూనిఫామో గూఢచారో గుర్తొస్తారు. అణు విధానం అంటే ఇద్దరు నాయకులు సంతకాలు పెట్టుకునే ఫొటో. ఆ సంతకాల వెనక ఉండేదంతా ఓపికగా లెక్కలు చూసే పని. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1957లో పుట్టింది, దాని ప్రధాన కార్యాలయం వియన్నాలో ఉంది. దాని తనిఖీ అధికారులు ఇంధన కర్మాగారాలకు వెళ్లి, రిజిస్టర్‌లో రాసినంత పదార్థం నిజంగా ఉందో లేదో కొలిచి చూస్తారు. వేసిన సీలు వేసినట్టే ఉందా, కెమెరా మధ్యలో ఎక్కడైనా ఆగిందా అని చూస్తారు. శుభ్రమైన గుడ్డతో గోడలు, బల్లలు తుడిచి ఆ గుడ్డను ల్యాబ్‌కు పంపుతారు. ఎంత కడిగినా కొన్ని రేణువులు మిగిలే ఉంటాయి. అక్కడ ఏం జరిగిందో వాటిని బట్టి తెలుస్తుంది. ప్లుటోనియం విషయంలో వాళ్లు పెట్టుకున్న కొలత 8 కిలోలు. అంత తేడా వస్తే ఒక బాంబు తయారయ్యే అవకాశాన్ని కొట్టిపారేయలేం అని అర్థం.

1992లో ఉత్తర కొరియా, తాము ఒక్కసారే, అదీ గ్రాముల్లోనే ప్లుటోనియం వేరుచేశామని చెప్పింది. నమూనాలు పరీక్షిస్తే ఆ పని ఒకసారితో ఆగలేదని తేలింది. ఒక దేశం చెప్పిన మాట తప్పని ల్యాబ్‌లో తేలింది! ఆ యంత్రాల ముందు కూర్చున్నవాళ్ల పేర్లు మనలో ఎవరికీ తెలియవు. ఈ రంగంలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఇదే.

ఇది ఫిజిక్స్ వాళ్లకే పరిమితమైన పని కాదు. భూకంపాల మీద చదువుకున్నవాళ్లకు ఇక్కడ పెద్ద పని ఉంది. 1996లో సంతకాలకు వచ్చిన సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందం ఇప్పటికీ అమల్లోకి రాలేదు. దాని కోసం తలపెట్టిన నిఘా వ్యవస్థ మాత్రం చాలావరకు పనిచేస్తోంది. మొత్తం 321 కేంద్రాల ప్రణాళిక అది, అందులో 170 భూకంప కేంద్రాలే. 2006 నుంచి 2017 దాకా ఉత్తర కొరియా జరిపిన ఆరు పరీక్షల ప్రకంపనలూ వాటికి అందాయి. ఆ గీతల్లో ఏది భూకంపం, ఏది పేలుడు అని విడదీసి చెప్పే మనిషి కావాలి.

భాషలు వచ్చినవాళ్ల సంగతి ఎవరూ చెప్పరు. అమెరికా, సోవియట్ యూనియన్ అణుయుద్ధం అంచుదాకా వచ్చిన 1962 క్యూబా సంక్షోభంలో ఒక నాయకుడి ఉత్తరం ఇంకో నాయకుడికి చేరి, అనువాదమై చేతికి రావడానికి గంటల కొద్దీ పట్టింది. ఆ భయంతోనే 1963లో మాస్కో, వాషింగ్టన్ల మధ్య హాట్‌లైన్ పెట్టారు. చాలామంది అనుకునేలా అది ఎర్ర ఫోను కాదు, రాసిన మాటలు అచ్చయి వచ్చే టెలిప్రింటర్. ఎవరి భాషలో వాళ్లు రాసి పంపాలి, అందుకున్న చోట అనువదించుకోవాలి. తొందరలో, కంగారులో నోటి మాట తప్పుగా అర్థమవుతుందని అలా ఏర్పాటు చేసుకున్నారు. అలాంటి చోట ఒక్క క్రియాపదం తప్పుగా అనువదిస్తే ఏమవుతుందో ఆలోచించండి. సాహిత్యం చదివే పిల్లలకు ఈ మాట ఏ కెరీర్ గైడెన్స్ క్లాసులోనైనా చెప్పారా?

ఇక ఆ అమ్మాయి రెండో ప్రశ్న, ఎలా చేరాలన్నది. నేను ఎమ్మెస్సీ పూర్తిచేసిన ఏడాది, ఈ విషయాల మీద పనిచేసే ఒక సంస్థలో నాకు ఆరు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. చాలా సంతోషపడ్డాను. కింద వరకూ చదివితే స్టైపెండ్ లేదని ఉంది. ఇల్లు, తిండి, ప్రయాణం అన్నీ సొంత ఖర్చే. ఇంట్లో అడిగే పరిస్థితి లేదు. వదులుకున్నాను. ఆ సీటులోకి వెళ్లినవాళ్ల మీద నాకు కోపం లేదు. ఆరు నెలలు జీతం లేకుండా బతకగలిగిన ఇళ్ల పిల్లలే ఈ రంగంలోకి రాగలిగితే, మన అందరి ప్రాణాల గురించిన చర్చ ఆ కొద్ది ఇళ్ల మధ్యే నడుస్తుందన్నదే నా బాధ. ప్రభుత్వ ఉద్యోగమైతే నేపథ్య విచారణకు నెలలు పడుతుంది. క్లియరెన్స్ వచ్చేదాకా చేరడానికి వీల్లేదు. ఉద్యోగం వస్తుందో రాదో తెలియకుండా అన్నాళ్లు ఎదురుచూడడం అందరి వల్లా కాదు.

ఈలోగా తెలిసినవాళ్లు రిటైరైపోతున్నారు. డబ్ల్యూ76 అనే వార్‌హెడ్‌ను, అంటే క్షిపణి మొనలో పెట్టే అణుబాంబును, అమెరికా బాగుచేసి మళ్లీ వాడుకోవాలనుకున్నప్పుడు, అందులోని ఫాగ్‌బ్యాంక్ అనే పదార్థాన్ని ఎలా చేశారో సరిగా తెలియలేదు. రికార్డులు చాలలేదు, చేసినవాళ్లు వెళ్లిపోయారు. మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. అంత డబ్బు పోసి చేసిన బాంబు పనే మరపున పడింది. బాంబులను లెక్కపెట్టే పనికి అంత డబ్బూ లేదు, అంత శ్రద్ధా లేదు.

అమెరికా, రష్యాల మధ్య 2011లో అమల్లోకి వచ్చిన న్యూ స్టార్ట్ ఒప్పందం మోహరించిన వార్‌హెడ్లను చెరో 1,550కి పరిమితం చేసింది. ఏడాదికి చెరో 18 తనిఖీలు జరిపే వీలుండేది. తనిఖీ బృందం ఎదుటివాళ్ల స్థావరానికి వెళ్లేది. క్షిపణి మూత తీసేవారు, లోపల వార్‌హెడ్ల మీద గుడ్డ కప్పి ఉండేది. రహస్యం బయటపడకూడదు, లెక్క మాత్రం తేలాలి. గుడ్డ కింద ఎన్ని ఆకారాలున్నాయో లెక్కపెట్టి రాసుకునేవారు. కొన్నేళ్లలో ఇలాంటి తనిఖీలు 328 జరిగాయి. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఆపారు, మళ్లీ మొదలవలేదు. 2023లో రష్యా తన భాగస్వామ్యాన్ని నిలిపేసింది. ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరి 5తో ముగిసింది. అంటే 2020 తర్వాత ఈ ఉద్యోగంలో చేరిన యువతీయువకులెవరూ ఆ గుడ్డ కింద ఆకారాలను ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు. రేపు కొత్త ఒప్పందం కుదిరితే ఎవరు వెళ్తారు? ఎవరు నేర్పిస్తారు? నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది.

మనస్సాక్షి ఉన్నవాళ్లు అణ్వాయుధాలతో ముడిపడిన వ్యవస్థలో చేరవచ్చా అని కొందరు అడుగుతారు. జోసెఫ్ రాట్‌బ్లాట్ అనే భౌతిక శాస్త్రవేత్త 1944లో, జర్మనీ బాంబు చేయడం లేదని తెలిశాక, అమెరికా అణుబాంబు తయారీ పథకమైన మన్‌హట్టన్ ప్రాజెక్టు వదిలి వచ్చేశాడు. పని వదిలాడు గానీ విషయాన్ని వదల్లేదు. 1957లో, అణ్వాయుధాల ముప్పు తగ్గించడం గురించి శాస్త్రవేత్తలు చర్చించుకునే పగ్వాష్ సదస్సులు మొదలుపెట్టినవాళ్లలో ఒకడయ్యాడు, 1995లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు. లోపల ఉండి కొలిచేవాళ్లూ కావాలి, బయట నిలబడి అడిగేవాళ్లూ కావాలి. ఇద్దరికీ విషయం క్షుణ్ణంగా తెలిసుండాలి.

ఆ అమ్మాయిని వచ్చే వారం మళ్లీ రమ్మన్నాను. గణాంకాలు గట్టిగా నేర్చుకోమని, ఇంకో భాష మొదలుపెట్టమని, జీతమిచ్చే ఫెలోషిప్‌లే ముందు వెతకమని చెప్పబోతున్నాను. అంతకుమించి నాకు తెలియదు, ఎందుకంటే నేను లోపలికి వెళ్లలేదు. ఇది చదివేవాళ్లలో రక్షణ, రేడియేషన్ భద్రత, దౌత్యం, భూకంప పరిశీలన, వీటిలో ఏ పని చేసి రిటైరైనవాళ్లున్నా దయచేసి నాకు మెసేజ్ పెట్టండి. రహస్యాలేవీ అక్కర్లేదు. మీరు ఏం చదివారో, ఎలా చేరారో, మొదటి ఏడాది ఎలా గడిచిందో ఒక గంట ఆ పిల్లతో మాట్లాడితే చాలు.